ఫిర్యాదులు కలిస్తేనే దొంగ దొరుకుతాడు

(సోలాపూర్‌లో జరిగిన సంఘం సర్వసభ్య సభలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



నేటి సభలో బోనస్ సంగతి, మూతపడ్డ మిల్లుల బకాయిల సంగతి చర్చించవలసి ఉంది. వాటికి ముందు ఇంకొక విషయం మీ ముందు పెట్టాలని కార్యవర్గం నిర్ణయించింది. ఫోన్లు చేసి, మెసేజీలు పంపి మన డబ్బు కాజేస్తున్న మోసగాళ్ల విషయం అది. "అది పోలీసుల పని కదా, సంఘానికి ఏం సంబంధం?" అని కొందరు సభ్యులు అడిగారు. దానికి జవాబు చెప్పాలంటే మన మిల్లు రోజుల నాటి ఒక సంగతి గుర్తు చేయాలి.

1990ల్లో మేము సాంచల మీద పని చేస్తున్న కాలం. ఫోల్డింగ్ ఖాతాలో బట్ట పరీక్ష చేసి, పోగులు తెగిన చోటు గానీ మచ్చ గానీ కనిపిస్తే ఆ సాంచ నడిపినవాని పగారులో కోత వేసేవారు. చేతికి ఒక చీటీ ఇచ్చేవారు. ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి పోయేవాళ్లం. ఎవరికీ చూపేవాళ్లం కాదు. చూపితే పని చేతకాదంటారని సిగ్గు. ఒక నెలలో ఈ కోతలు మరీ ఎక్కువయ్యాయి. అప్పటి మా సంఘం పెద్దాయన ఒకరు, "అందరి చీటీలూ తీసుకురండిరా, ఒకచోట పెట్టి చూద్దాం" అన్నారు. ముప్పై ఏడు చీటీలు వచ్చాయి. ఆఫీసులో నేల మీద పరిచాము. మనుషులు వేరు, సాంచలు వేరు, పాళీలు వేరు. కాని చీటీల మీది బీమ్ నంబర్లు పట్టుకుని సైజింగ్ ఖాతా రిజిస్టరుతో సరిచూస్తే, నూలు లాటు ఒక్కటే! తప్పు మన చేతుల్లో లేదు, నాసిరకం నూలులో ఉంది. మరునాడు ఆ ముప్పై ఏడు చీటీలూ మేనేజరు బల్ల మీద పెట్టాము. కోత వెనక్కి వచ్చింది.

ఆ చీటీ జేబులో ఉన్నంతకాలం అది ఒక్కడి సిగ్గు. నేల మీద పరిచి పక్క చీటీతో కలిపిన తర్వాత అది యాజమాన్యం మీద కేసు. ఈనాటి ఫోను మోసాల సంగతి కూడా అచ్చంగా ఇంతే. అందుకే సంఘానికి సంబంధం ఉందంటున్నాము.

గత ఏడాది జరిగిన సంగతి చెబుతాము. ఎవరి పేరూ చెప్పము. మన సభ్యురాలు ఒకామె, బీడీలు చుట్టి సంసారం నెట్టుకొస్తున్న మనిషి. భర్త మిల్లు కార్మికుడు, పోయి చాలా ఏళ్లయింది. ఆమెకు ఫోను వచ్చింది. చక్కటి తెలుగులో, "అక్కా, మీ ఆయన పి.ఎఫ్. డబ్బు మంజూరయింది. ఫైలు ఛార్జి కడితే ఖాతాలో పడుతుంది" అన్నాడు. మిల్లు పేరు చెప్పాడు, భర్త పేరు చెప్పాడు. ఇన్నేళ్లు ఎదురుచూసిన డబ్బు కదా, నమ్మింది. మూడు దఫాలుగా పద్దెనిమిది వేల ఐదు వందలు పంపింది. నాలుగోసారి అడిగినప్పుడు అనుమానం వచ్చింది. పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. కొడుకుకు కూడా చెప్పలేదు. చివరకు సంఘం ఆఫీసుకు వచ్చి ఏడ్చింది.

మేము నాలుగు వాడల్లో విచారించాము. ఇక్కడ ఇంకా ఇద్దరు బయటపడ్డారు. భివండీలో పవర్‌లూమ్ నడిపే ఒక తమ్ముడు, తెలంగాణలో తన ఊళ్లో ఉన్న ఒక పెద్దాయన కూడా ఇదే తీరుగా మోసపోయారు. ఐదుగురి కాగితాలు కలిపి చూస్తే ముగ్గురికి వచ్చిన ఫోను నంబరు ఒక్కటే. ఇద్దరు డబ్బు పంపిన ఖాతా ఒక్కటే. అంతవరకు ఇద్దరే పోలీసులకు చెప్పుకున్నారు, అదీ వేర్వేరు రాష్ట్రాల్లో. ఎవరి స్టేషనులో వారిది ఒక చిన్న మొత్తం, ఒక చిన్న అర్జీ. ఐదింటినీ కలిపి చూసినవాడు లేడు.

ఎందుకు లేడు? మన రాజ్యాంగం ప్రకారం పోలీసు శాఖ రాష్ట్రాల చేతిలో ఉంది. దొంగకు మాత్రం ఏ సరిహద్దూ లేదు. వాడు జార్ఖండ్‌లోని జామ్‌తారాలో కూర్చుని, ఒడిశాలో తీసిన సిమ్ కార్డుతో, గుజరాత్‌లో తెరిచిన బ్యాంకు ఖాతాలోకి సోలాపూర్ కార్మికుని డబ్బు లాగగలడు. ఒక్కోసారి దేశంలోనే ఉండడు. ఉద్యోగాలని నమ్మించి కంబోడియా తీసుకుపోయిన మన తెలుగు పిల్లల చేత బలవంతంగా ఇలాంటి మోసాలు చేయించిన సంగతి 2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. కాబట్టి తెలుగులో మాట్లాడినంత మాత్రాన మనవాడని నమ్మడానికి లేదు.

విడివిడి ఫిర్యాదులను ఒకచోట కలపాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. 1997లో అది కన్స్యూమర్ సెంటినెల్ అనే ఫిర్యాదుల కొట్టు ఒకటి ఏర్పాటు చేసింది. మోసపోయిన జనం ఇచ్చే ఫిర్యాదులు, ఇతర సంస్థలకు వచ్చినవి కూడా, అందులో చేరతాయి. పోలీసులు, ప్రభుత్వ న్యాయాధికారులు దాన్ని తెరిచి వెదకవచ్చు. వ్యాపార సంస్థలకు, మామూలు జనానికి అది కనబడదు. జనానికి మొత్తం లెక్కలు మాత్రమే చెబుతారు. ఒక్కొక్కరి ఫిర్యాదును ఆ సంస్థ తానే తీర్చదు. ఏ నంబరు మీద, ఏ కంపెనీ మీద ఎన్ని ఫిర్యాదులు పోగయ్యాయో చూసి అధికారులు కేసు కడతారు. మన ముప్పై ఏడు చీటీల పనే అది, దేశమంత పెద్ద నేల మీద.

మన దేశంలో ఈ పాఠం చాలా డబ్బు పోయాక నేర్చుకున్నారు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ వ్యవహారం మీకు తెలిసిందే. ఆంధ్ర, తెలంగాణలోనే కాదు, కర్ణాటకలో, ఒడిశాలో ఉన్న తెలుగువాళ్ల పొదుపు కూడా అందులో పోయింది. దాదాపు 32 లక్షల ఖాతాల్లో ఆరు వేల కోట్లకు పైగా వసూలయిందని దర్యాప్తు సంస్థలు చెప్పాయి. అలాంటి డిపాజిట్ కంపెనీల మీద ఫిర్యాదులు తీసుకుని సంబంధిత అధికారులకు అందజేయడానికి రిజర్వు బ్యాంకు 2016లో సచేత్ అనే పోర్టల్ పెట్టింది. రిజర్వు బ్యాంకు, సెబీ, రాష్ట్ర ప్రభుత్వం, పోలీసులు కలిసి కూర్చుని సమాచారం పంచుకునే సమన్వయ కమిటీలు రాష్ట్రాల్లో ఉన్నాయి. అనుమతి లేని డిపాజిట్లను నిషేధిస్తూ 2019లో చట్టం వచ్చింది. చీటీల పేరుతో, ప్లాట్ల పేరుతో డబ్బు పోయినవాళ్లు ఈ దారి గుర్తుంచుకోవాలి.

ఫోను మోసాలకు వేరే దారి ఉంది. 2019లో కేంద్ర హోం శాఖ జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ పెట్టింది. 2021లో సహాయ ఫోను లైను మొదలైంది. దాని నంబరు ఇప్పుడు 1930. ఇది ఎలా పనిచేస్తుందో మన భాషలో చెబుతాము. మీరు 1930కి ఫోను చేసి ఏ బ్యాంకు నుంచి, ఎంత, ఎన్ని గంటలకు, ఎవరికి పంపారో చెబితే, అది వెంటనే కంప్యూటరులో డబ్బు చేరిన బ్యాంకుకు కనబడుతుంది. డబ్బు ఇంకా ఆ ఖాతాలో ఉంటే బ్యాంకు దాన్ని హోల్డ్ చేస్తుంది. అప్పటికే మరో బ్యాంకుకు దాటిపోయి ఉంటే, ఎక్కడికి పోయిందో నమోదు చేసి ఆ రెండో బ్యాంకుకు పంపుతారు. అక్కడి నుంచి మూడో బ్యాంకు. పోలీసు కాగితం చేత పట్టుకుని ఊరూరా తిరగనక్కరలేదు.

కాని దొంగ కూడా ఊరికే కూర్చోడు. నిమిషాల్లో డబ్బు నాలుగైదు ఖాతాలు దాటించి, ఏ.టి.ఎం.లో తీసేస్తాడు. అందుకే మొదటి గంట ముఖ్యం. మన ఐదుగురిలో ఊళ్లో ఉన్న పెద్దాయన, మనవడు పక్కనే ఉండడం వల్ల, అరగంటలో 1930కి చెప్పాడు. ఆయన తొమ్మిది వేలు హోల్డ్ అయ్యాయి. పదకొండు రోజులు సిగ్గుపడి ఊరుకున్న మన అక్కవి మూడు వేల చిల్లర మాత్రమే ఎక్కడో చిక్కాయి. ఆమె తప్పు కాదు. అయినా ఆ పదకొండు రోజుల మౌనం ఆమెకు పదిహేను వేలు ఖరీదు పడింది.

దేశం మొత్తం మీద చూసినా కథ ఇదే. 2023లో జనం ఇలా పోగొట్టుకున్నది 7,465 కోట్లు, 2024లో 22,845 కోట్లు అని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. 1930 ఏర్పాటు మొదలైన నాటి నుంచి 2024 చివరి వరకు కాపాడగలిగింది 3,431 కోట్లు. ఏర్పాటు పనిచేస్తోంది గాని, దోపిడీ అంతకంటే వేగంగా పోతోంది.

డబ్బు పట్టడం ఒకటి, దొంగను పట్టడం ఇంకొకటి. దొంగను పట్టడానికి రాష్ట్రాల పోలీసులు పరస్పరం సమాచారం చూసుకోవాలి. ఇందుకు సమన్వయ అనే వేదికను 2024 సెప్టెంబరులో ప్రారంభించారు. ఒక రాష్ట్రంలో నమోదైన ఫోను నంబరు, బ్యాంకు ఖాతా మరో రాష్ట్రంలోని ఫిర్యాదుల్లో కూడా ఉన్నాయా అని అందులో సరిచూడవచ్చు. అనుమానితుల జాబితా ఒకటి బ్యాంకులకు కూడా అందుబాటులో పెట్టారు. జామ్‌తారా, మేవాత్, హైదరాబాద్, విశాఖపట్నంతో కలిపి ఏడు చోట్ల ఉమ్మడి పోలీసు బృందాలను ఏర్పాటు చేశారు. డబ్బు పోకపోయినా సరే, మోసపు ఫోను గానీ మెసేజీ గానీ వస్తే టెలికాం శాఖ వారి సంచార్ సాథీలో చక్షు అనే చోట తెలియజేయవచ్చు. "నేను మోసపోలేదు, తెలివిగా ఫోను పెట్టేశాను" అని మీసం తిప్పుకుంటే చాలదు. ఆ నంబరు మీరు తెలియజేస్తే, రేపు పక్కింటి అక్కకు అదే ఫోను రాకుండా ఆగవచ్చు.

మిత్రులారా, ఇంతవరకు మంచి మాట చెప్పాము. లోపాలు చెప్పకపోతే సంఘం సంఘం కాదు.

మొదటి లోపం: ఫిర్యాదు వేరు, ఎఫ్.ఐ.ఆర్. వేరు. పోర్టల్‌లో ఇచ్చిన ప్రతి ఫిర్యాదూ దానంతట అది కేసు కాదు. 2025 మేలో ఢిల్లీలో ప్రయోగంగా, పోర్టల్ ఫిర్యాదు దానంతట అదే ఎఫ్.ఐ.ఆర్. అయ్యే పద్ధతి మొదలుపెట్టారు. ఎవరికి? పది లక్షలకు పైగా పోయినవాళ్లకు. పద్దెనిమిది వేలు పోయిన మన అక్క సంగతి? ఆమెకు పద్దెనిమిది వేలంటే ఎన్ని నెలల బీడీలు? పెద్ద మొత్తం పోయినవాని వెనుక లాయరు ఉంటాడు. చిన్న మొత్తం పోయినవాళ్లకు లెక్క ఒక్కటే బలం. అందుకే ఐదుగురు విడివిడిగా పోకుండా, ఒకరి నంబరు ఇంకొకరి అర్జీలో రాసి ఇవ్వాలి. "ఇదే ఖాతా మీద ఫలానా నంబరు ఫిర్యాదు కూడా ఉంది" అని రాస్తే అది చిన్న మొత్తం కాదు, ముఠా పని అని తెలుస్తుంది.

స్టేషనులో "ఇది మా హద్దులోది కాదు" అంటే ఒప్పుకోవద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారం నమోదు చేయాలి. నమోదు చేసిన ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. నిరాకరిస్తే రాతపూర్వకంగా పోస్టులో ఎస్.పి.కి పంపవచ్చు, ఆపై మేజిస్ట్రేటుకు చెప్పుకోవచ్చు.

రెండో లోపం మనకు ఇంకా దగ్గరిది. సమాచారం పంచుకునే యంత్రానికి దొంగకూ అమాయకునికీ తేడా తెలియదు. దొంగ సొమ్ములో నుంచి ఎవడో మీ కొట్టులో రెండు వందల సామాను కొని, యు.పి.ఐ.లో కట్టాడనుకోండి. ఆ రెండు వందల వెంట ఎక్కడో దూర రాష్ట్రపు పోలీసుల ఉత్తర్వు వచ్చి మీ ఖాతా మొత్తం ఫ్రీజ్ కావచ్చు. పగారు అందులోనే పడుతుంది, ఇంటి అద్దె అందులోంచే కట్టాలి. ఇలాంటి కేసుల్లో, పోలీసులు చెప్పిన వివాదపు మొత్తం వరకే ఆపాలని 2023లో కేరళ హైకోర్టు చెప్పింది. మీకు ఇలా జరిగితే బ్యాంకు కిటికీ దగ్గర గొడవపడి తిరిగి రావద్దు. ఏ రాష్ట్రపు పోలీసులు, ఏ ఫిర్యాదు నంబరు, ఎంత మొత్తం అని రాతలో అడగండి. ఆ కాగితంతో సంఘానికి రండి, ఆ అధికారికి మేము రాస్తాము. ఫిర్యాదులు కలపాలని మనం కోరుతున్నాము. కలిపిన చేతితోనే కార్మికుని కూడు లాగవద్దని కూడా కోరుతున్నాము.

ఇక్కడ యువకులకు ఒక హెచ్చరిక. "నీ ఖాతా, ఏ.టి.ఎం. కార్డు నెల రోజులు ఇవ్వు, రెండు మూడు వేలు ఇస్తాను" అని అడిగేవాళ్లు కార్ఖానాల చుట్టూ తిరుగుతున్నారు. అద్దెకిచ్చిన ఖాతాలోకి వచ్చేది మన అక్కల సొమ్మే. పది రాష్ట్రాల ఫిర్యాదులు కలిపి చూసినప్పుడు పోలీసుకు మొదట కనబడే పేరు ఆ ఖాతాదారునిది. అసలు దొంగ తెర వెనుక ఉంటాడు, మీరు జైలు గోడ వెనుక ఉంటారు.

మూడో సంగతి, మోసపోయినవాని మీద రెండో మోసం. "మేము సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు వెనక్కి ఇప్పిస్తాం, ఫీజు కట్టండి" అని ఫోను వస్తుంది. పోయిన డబ్బు ఇప్పించడానికి పోలీసులు ఫోనులో ఫీజు అడగరు. పి.ఎఫ్. ఆఫీసువారు క్లెయిము ఇవ్వడానికి ఛార్జి కట్టమనరు, ఓ.టి.పి. చెప్పమనరు. ఫిర్యాదు రసీదు ఫోటో తీసి వాట్సాప్ గుంపుల్లో పెట్టవద్దు. అందులో మీ పేరు, ఫోను నంబరు, పోయిన మొత్తం ఉంటాయి. ఆ సమాచారం పోలీసుకు చేరాలి, బజారుకు చేరకూడదు.

ఇక కార్యవర్గం తీసుకున్న నిర్ణయాలు:

1. సంఘం ఆఫీసులో ఒక మోసాల రిజిస్టరు తెరిచాము. తేదీ, సమయం, వచ్చిన ఫోను నంబరు, డబ్బు పోయిన ఖాతా లేదా యు.పి.ఐ. పేరు, పన్నెండు అంకెల లావాదేవీ నంబరు, ఫిర్యాదు నంబరు రాస్తాము. ఓ.టి.పి., పిన్, ఆధార్ నంబరు రాయము, అడగము. రిజిస్టరు తాళంలో ఉంటుంది. సభ్యుల ఒప్పుదల లేకుండా ఎవరికీ చూపము.

2. డబ్బు పోయిన నిమిషంలోనే 1930కి, ఆ వెంటనే మీ బ్యాంకుకు ఫోను చేయండి. సంఘం ఆఫీసుకు రావడం మూడో పని, మొదటి పని కాదు. ఆ తర్వాత ఇరవై నాలుగు గంటల్లోగా పోర్టల్‌లో పూర్తి ఫిర్యాదు నింపాలి.

3. మరాఠీ, హిందీ రాని పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఫోను చేయించడానికి ప్రతి వాడలో ఇద్దరు పిల్లలను, వీలైనంతవరకు ఆడపిల్లలను, నియమిస్తున్నాము.

4. ఒకే నంబరు గానీ ఒకే ఖాతా గానీ రెండుసార్లు రిజిస్టరులో కనబడితే, అందరి ఫిర్యాదు నంబర్లూ కలిపి ఒకే అర్జీగా సైబర్ పోలీసులకు సంఘం తరఫున ఇస్తాము. భివండీలో, తెలంగాణ ఊళ్లలో ఉన్న మన బంధువుల ఫిర్యాదులు కూడా అందులో చేరుస్తాము.

5. చిన్న మొత్తాల కేసుల్లో కూడా ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయాలని, 1930లో తెలుగు తెలిసినవారిని పెట్టాలని, ఖాతా మొత్తం కాకుండా వివాదపు మొత్తమే ఆపాలని ప్రభుత్వానికి వినతిపత్రం ఇస్తాము. సంతకాల కాగితం తలుపు దగ్గర ఉంది.

చివరగా ఒక్క మాట. మన ఐదుగురి కలిపిన అర్జీ పోలీసులకు చేరింది. అది ఇంకా నడుస్తోంది. దొంగ దొరికాడని ఈ సభలో చెప్పలేము, మీకు అబద్ధం చెప్పము. కాని మొన్న ఆ అక్క మళ్లీ ఆఫీసుకు వచ్చింది. ఈసారి ఏడవలేదు. పక్క వాడలో ఇంకొక ముసలమ్మకు అదే పి.ఎఫ్. ఫోను వచ్చిందని, తానే దగ్గరుండి ఫోను పెట్టించి, నంబరు కాగితం మీద రాసి తెచ్చింది. అది రిజిస్టరులో ఆరో పేరు. ఆ ముసలమ్మ డబ్బు ఒక్క రూపాయి కూడా పోలేదు.

మోసపోవడం సిగ్గు కాదు. మోసం చేసినవానికి సిగ్గు. జేబులో చీటీ దాచుకోవద్దు, తీసుకొచ్చి నేల మీద పరవండి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!